నలభై మస్టర్ల ఆటగాడు

షిఫ్టు 3206. ఫ్యాను సవ్యం. ఆట గుల్ల 24 డిగ్రీలు. ఆరో లెవెల్ 41.

ఈ ఫ్యాను పుస్తకంలో గాలి వేగం, వేడి, సంతకం మాత్రమే రాయాలని అట్ట లోపలివైపు అచ్చేసి ఉంది. పక్కనే రిమార్కుల గడి కూడా ఉంది. అందులో ఎంత రాయాలో మాత్రం ఎక్కడా లేదు. కనుక రాస్తాను. దీన్ని చదవాల్సింది తర్వాతి షిఫ్టు వాడొక్కడే, వాడు సంతకం తప్ప ఏదీ చదవడు.

నా రిమార్కు: ఓదెలుకు నలభై మస్టర్లు ఎందుకు?

మా పదో బాయిలో, మేం కాపురముండే ఈ పాత బొగ్గు గనిలో, పనికి వచ్చిన మనిషికి రోజుకు ఒక మస్టరు పడుతుంది. ఒక మస్టరుకు ఒక మనిషి చల్లగాలి వాటా. పైన ఎండలో పావుగంట నిలవలేం, కింద బండ వేడి. మధ్యలో చలి ఇంటి యంత్రం ఎంత చల్లబరిస్తే అంతే మా బతుకు. నేను ఎనిమిది గంటలు ఈ ఫ్యానును కనిపెట్టుకుని ఉంటే నాకు ఒకటి. మా అమ్మ లసుమవ్వ ఆరో లెవెల్ ఉతుకు గదిలో బాయి మొత్తానికి దుప్పట్లు పిండితే ఆమెకు ఒకటి, అదీ షిఫ్టు దిగి నాలుగో లెవెల్‌లో పడక చేరాక. పని చేసే ఆ ఉతుకు గదికి మాత్రం చల్లగాలే లేదు. ఓదెలు బంతిని రింగులో వేస్తే నలభై.

కిందటి నెల ఆ గదిలో ముగ్గురు ఆడవాళ్లు సోలి పడిపోయారు. అందులో మా అమ్మ ఒకతె. ఇంకోసారి పడితే పనికి పనికిరాదని రాస్తారు. మస్టరు పోతుంది.

ఈ రోజు నోటీసు అంటించారు. ఓదెలు ఒప్పందం ఇంకో మూడేళ్లు పొడిగిస్తారట. అభ్యంతరం ఉన్నవాళ్లు సభలో చెప్పవచ్చట. నాకు ఉంది.

సంతకం: సరోజన.

షిఫ్టు 3207. ఫ్యాను సవ్యం. ఆట గుల్ల 24. ఆరో లెవెల్ 41.

రెండో లెవెల్‌లో బొగ్గు రోజుల నాటి యూనియన్ ఆఫీసు ఒకటి ఉంది. కిందటేడు గాలి గొట్టం కోసం దాని గోడ పగలగొడితే రేకుపెట్టె దొరికింది. లోపల పదకొండు కరపత్రాలు. గోడ పగలగొట్టిన వాళ్లు వాటితో చెమట తుడుచుకోబోతుంటే లాక్కుని తెచ్చుకున్నాను. నాకు తెలిసిన రాజకీయమంతా ఆ పదకొండింటిలోదే. నాలుగింటికి చివరి పేజీలు లేవు. అందుకే నాకు సమస్య తెలిసినంత గట్టిగా పరిష్కారం తెలియదని మా అమ్మ ఎగతాళి చేస్తుంది.

అభ్యంతరం సంగతి ఆమెకు చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె పడక పక్కన బండ మీద సున్నంతో గీతలుంటాయి. ఈ ఏడాది ఓదెలు వేసిన బాస్కెట్లకు ఒక్కోదానికి ఒక్కో గీత. నేను మాట్లాడుతుంటే ఆమె ఆ గీతల వైపు చూస్తూ కూర్చుంది.

నీకు గాలి లేకుండా చేసేవాడికి చప్పట్లు కొడుతున్నావని అన్నాను. వాడెప్పుడైనా వచ్చి తన ముక్కు మూశాడా అని అడిగింది. దోపిడీ చేసేవాడు స్వయంగా వచ్చి ముక్కు మూయడని, దానికి ఏర్పాట్లుంటాయని, మూడో కరపత్రంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె నీళ్లలో నాని తెల్లబడిన వేళ్లను చీర కొంగుకు తుడుచుకుంది.

"ఎనిమిది గంటలు దుప్పట్లు పిండుత బిడ్డా. వారానికోసారి రెండు గంటలు వాని దిక్కు చూస్త. గా రెండు గంటలు నాకు చేతులున్నయన్న సంగతే యాదికుండదు. నీ కాగితాలు నాకు గా రెండు గంటలిస్తయా?"

కాగితాలు కాదు, గాలి ఇప్పిస్తానన్నాను. ముందు అన్నం తినమంది.

షిఫ్టు 3210. ఫ్యాను సవ్యం. ఆట గుల్ల 24. ఆరో లెవెల్ 42.

సభ జరిగింది. ఆట గుల్లలోనే పెడతారు, అంతమంది పట్టేది అదొక్కటే. గుల్ల అంటే బొగ్గు తీసేయగా మిగిలిన పెద్ద ఖాళీ. పైకప్పు ఎత్తుగా ఉంటుంది. బాయిలో బంతి ఎగరేసే ఎత్తు ఇంకెక్కడా లేదు కాబట్టే మాకు ఈ ఆట వచ్చింది.

నేను లేచి అడిగాను. నలభై మందికి పంచే గాలిని ఒక్క మనిషికి ఎందుకిస్తున్నారు, దాన్ని ఉతుకు గదికి ఎందుకు మళ్లించరు.

సభాపెద్ద రాయలింగు నిదానస్తుడు. రెండు జవాబులు చెప్పాడు. ఒకటి, ఆరో లెవెల్‌కు చల్లగాలి దిగదు, బండ వేడి కింది నుంచి తోసేస్తుంది, ఎన్ని మస్టర్లు మళ్లించినా ఒకటే. ఈ మాట నేను చిన్నప్పటి నుంచి వింటున్నదే. రెండోది చెప్పేటప్పుడు లేచి నిలబడ్డాడు.

ఓదెలు రాకముందు ఏడాదికి పది పన్నెండు మంది ఎవరికీ చెప్పకుండా మెట్లెక్కి ఎండలోకి నడిచిపోయేవాళ్లని గుర్తు చేశాడు. వాళ్లలో తన తమ్ముడు ఉన్నాడు. ఓదెలు పన్నెండో బాయి నుంచి వచ్చి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో పోయినవాళ్లు ఇద్దరు. "ఆ నలభై మస్టర్లు ఒక్కనికిస్తలేం బిడ్డా. మెట్లెక్కకుండ మిగిలినోళ్లకు ఇస్తున్నం," అన్నాడు.

నేను కూర్చుంటానని అందరూ అనుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకూ తగిలింది. కానీ కూర్చోలేదు.

"అంటే మనం భరించుకుంట పడి ఉండడానికి ఆయనకు మస్టర్లిస్తున్నమన్నట్టు. భరించలేనిది ఏందో గది తీసేస్తే ఆయన అక్కరే ఉండదు గద, పెద్దయ్యా," అన్నాను.

వెనుక నుంచి ఎవరో కూర్చోమని అరిచారు. ఇంకెవరో, ఒక్క బాస్కెట్ వేసి మాట్లాడమన్నారు. అందరూ నవ్వారు. అప్పుడు రాయలింగు మార్పిడి నియమం చదివాడు. నాకు తెలియనిది కాదు, నా దాకా వస్తుందనుకోలేదు. ఇంకొకరి మస్టరు ఎక్కువని అభ్యంతరం చెప్పినవాళ్లు తొమ్మిది షిఫ్టులు ఆ పని చేయాలి. ఆ మనిషి వీళ్ల పని చేయాలి. ఆ తర్వాతే ఓటు. కిందికి దిగిన మొదటి ఏడాది మా తాతల తరం పెట్టుకున్న నియమం ఇది. మంచి నియమమే. ఇంతకుముందు ఒకావిడ డాక్టరు మీద అభ్యంతరం చెప్పి రెండో షిఫ్టుకే వెనక్కి తీసుకుంది.

ఓదెలు ముందు వరసలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఏమైనా అంటావా అని అడిగితే, ఫ్యాను దగ్గర కూర్చోవడానికి కుర్చీ ఉంటుందా అని మాత్రం అడిగాడు.

షిఫ్టు 3212. (ఈ పేజీ విడి కాగితం. తర్వాత అతికిస్తాను. పుస్తకం ఇప్పుడు ఓదెలు దగ్గర ఉంది.)

పని అప్పగించుకోవడానికి మాకు ఒక గంట ఇచ్చారు.

ముందు నేను చూపించాను. ఫ్యాను నూనె, గాలి జల్లెడలు, గొట్టాల మీటర్ల ముళ్లు. ఆ తర్వాత ఆట గుల్ల వెనుక ఉన్న జంట తలుపులు. వాటి అవతలి వాలుదారి ఆరో లెవెల్‌కు దిగుతుంది. ఉతుకు గదిలో వేడి ఆవిరిని బయటికి లాగే గొట్టం జల్లెడ మార్చడానికి ఆ దారినే పోవాలి. మొదటి తలుపు తీసి, లోపలికి పోయి, దాన్ని మూసి, అప్పుడు రెండోది తీయాలి. గాలి ఒత్తిడికి ఒక్కో తలుపు తీయడానికి నేను గోడకు కాలు తన్నిపెట్టి లాగుతాను. ఓదెలు ఒక్క చేత్తో లాగాడు.

"రెండు ఒక్కసారే తీస్తె ఏమైతది?"

బోర్డు చూపించాను. రెండు తలుపులు ఒకేసారి తెరవరాదు, తెరిచినవారికి ఏడాది మస్టర్లు రద్దు. తెరవొద్దని ఉంది కానీ తెరిస్తే ఏమవుతుందో రాయలేదు కదా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చెప్పింది చెయ్యి చాలన్నాను.

తర్వాత అతను నాకు చూపించాడు. అతని సాధన గదికి, ఆట గుల్లకు ఒకటే గొట్టం, ఒకటే చల్లదనం; నలభై మస్టర్ల గాలి పోయేది అందులోనే. గుల్లను పరుగున దాటడమో, జనంలో ఇరుక్కోవడమో తప్ప నేనెరుగను; ఇక్కడ జనం లేకుండా కాసేపు నిలబడేసరికి చేతుల మీద చర్మం చిన్న చిన్న గింజల్లా లేచింది. దద్దుర్లనుకుని గోక్కున్నాను. చలికి అలాగే అవుతుందని అతను చెప్పాడు. ఇరవై ఏళ్లు వచ్చాయి నాకు, నా చర్మానికి ఆ విద్య ఉందని తెలియదు.

బంతిని చూడొద్దు, రింగు వెనుక అంచును చూడు అన్నాడు. యాభై సార్లు వేశాను. రెండు పడ్డాయి. అతను నవ్వలేదు. మోకాలి పట్టీ విప్పి మళ్లీ కట్టుకుంటూ, తనకు ముప్పై ఒకటి దాటాయని, ఎడమ మోకాలు చల్లదనం లేకపోతే గంటకు మించి వంగదని చెప్పాడు. పన్నెండో బాయిలో పదేళ్ల వయసు నుంచి రాళ్ల బండి తోశాడట. మళ్లీ బండి తోయాల్సి వస్తే తోస్తాను గానీ, ఆ రోజు దానంతట అది రాకముందే తానెందుకు పిలుచుకోవాలని అడిగాడు.

జాలి పడాలని చెప్పాడో ఊరికే చెప్పాడో తెలియలేదు. మా అమ్మ మోకాళ్ల సంగతి నేనూ చెప్పాను.

షిఫ్టు 3216. (విడి కాగితం.)

పన్నెండో బాయితో మ్యాచ్. ఓడిపోయాం. 61-38.

ఓదెలు స్థానంలో నేను దిగాను. నియమం నియమమే. రెండు వేల టోపీ దీపాలు నా మీద. మా జట్టు వాళ్లు మంచివాళ్లు, మొదటి పది నిమిషాలు నాకు బంతి ఇచ్చారు. తర్వాత మానేశారు. అవతలి జట్టులో నన్ను కాసే ఆమె నా భుజం మీద నుంచి చూస్తూ వాళ్ల వాళ్లతో కబుర్లు చెప్పింది. రెండుసార్లు పడ్డాను. ఒకసారి పక్కకు పోయి వాంతి చేసుకుని వచ్చాను.

మూడో భాగంలో నాకు ఫ్రీ త్రో వచ్చింది, ఎవరూ అడ్డుపడకుండా వేయనిచ్చే బంతి. గీత దగ్గర నిలబడ్డాను. అప్పుడు రెండు వేల మంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. నన్ను తిట్టేవాళ్లు కూడా. ఫ్యాను చప్పుడు తప్ప ఏదీ వినిపించనంత నిశ్శబ్దం. ఇంతమంది ఎవరి బాధ వాళ్లు మరిచిపోయి ఒక్క చేతి వైపు చూడటం ఏమిటో నాకు ఆ రెండు క్షణాల్లో తెలిసింది. మా అమ్మ చెప్పింది ఇదే. అతను వారం వారం దీన్ని మోస్తున్నాడు. ఇది పనే. కష్టమైన పనే. ఇక్కడ రాసి ఒప్పుకుంటున్నాను.

బంతి రింగును కూడా తాకలేదు.

ఒప్పుకున్నందుకు నాకు కోపం ఇంకా పెరిగింది. ఇంతమందిమి ఒక్క బంతి కోసం ఊపిరి బిగబట్టగలిగిన వాళ్లం, ఉతుకు గది కోసం ఒక్కసారి ఎందుకు బిగబట్టలేదు?

ఇంకో విషయం. రెండో సగంలో గుల్ల బాగా వేడెక్కింది. నా సిగ్గు వల్ల నాకే అలా ఉందనుకున్నాను. తీరా చూస్తే జనమంతా చొక్కాలు విప్పుకుని విసురుకుంటున్నారు. చలి ఇంటి యంత్రం చెడిందని రాయలింగు మనుషుల్ని పంపాడు. యంత్రం బాగానే ఉందట.

షిఫ్టు 3221. ఫ్యాను సవ్యం. ఆట గుల్ల 24. ఆరో లెవెల్ 42.

మార్పిడి ముగిసింది. పుస్తకం నా చేతికి వచ్చింది. ఓదెలు తొమ్మిది షిఫ్టులకు తొమ్మిది వాక్యాలు రాశాడు. "ఫ్యాను తిరుగుతుంది." "ఫ్యాను ఇంకా తిరుగుతుంది." ఒక చోట, "కుర్చీ చిన్నది."

వేడి అంకెలు మాత్రం శ్రద్ధగా రాశాడు. 3216 దగ్గర ఆగిపోయాను. ఆట గుల్ల 34. ఆరో లెవెల్ 34.

ఆరో లెవెల్‌లో ముప్పై నాలుగు నేను పుట్టాక లేదు. అంకె తిరగేసి రాశాడేమోనని 43 చేయబోయాను. చేయి ఆగింది. షిఫ్టు దిగి అమ్మను అడిగాను. ఆ రోజు ఎలా ఉందని అడుగుతుండగానే నవ్వడం మొదలుపెట్టింది.

ఓదెలు జల్లెడ మార్చడానికి ఉతుకు గదికి వచ్చాడట. వచ్చినవాడిని మా అమ్మా ఆమె జట్టూ వదల్లేదు. పై తీగల మీద దుప్పట్లు ఆరేయాలంటే వాళ్లు స్టూలు ఎక్కి దిగాలి. అతనికి అవి మొహం ముందే ఉన్నాయి. పైన మ్యాచ్ నడిచినంతసేపూ కింద అతని చేత మూడు వందల దుప్పట్లు ఆరేయించారు.

"మంచిగ ఆరేసిండే, ముడతలు లేకుంట. ఇగ చల్లగ ఎందుకైందో మాకెరుకలె. వాని కాలు మంచిదనుకున్నం."

కాలు కాదు. తలుపులు. జల్లెడ భుజాన పెట్టుకుని పోతూ, మళ్లీ వచ్చేదే కదా అని రెండు తలుపులకూ చెక్కలు అడ్డం పెట్టి పోయి ఉంటాడు. మా బాయిలో పుట్టినవాడెవడూ చేయని తప్పు. ఆ రెండు గంటలూ గుల్లలోని చల్లదనం వాలుదారిన జారి ఉతుకు గదికి పోయింది.

గాలి దిగుతుంది.

నేను మళ్లీ ఫ్యాను ఇంటికి వచ్చి పుస్తకం ముందు కూర్చున్నాను. పదకొండు కరపత్రాలు చదివి, దేవుడి దగ్గర నుంచి డాక్టరు దాకా అందరినీ ప్రశ్నించినదాన్ని, నాలుగేళ్లుగా రోజూ ఆ బోర్డు ముందు నిలబడి మొదటి తలుపు మూశాకే రెండోది తీశాను. ఆ బోర్డు బొగ్గు తవ్వే రోజులది. అప్పుడు కింది నుంచి విషవాయువు వచ్చేది, దానికోసం పెట్టారు. బొగ్గు పోయింది, వాయువు పోయింది, బోర్డు ఉండిపోయింది. మా అమ్మ మీద ఆ తలుపులు మూసింది ఓదెలు కాదు. నేను.

షిఫ్టు 3222. ఫ్యాను సవ్యం. వేడి కింద రాస్తాను.

గెలుపు నా చేతిలో ఉంది. రెండు తలుపులూ తెరిచి వదిలాడని సభలో ఒక్క మాట చెబితే ఓదెలు ఏడాది మస్టర్లు పోతాయి. ఒప్పందం అక్కడే చచ్చిపోతుంది. ఈ మాట అమ్మతో అన్నాను. అంటున్నప్పుడు నా మొహం ఎలా ఉందో గానీ, ఆమె నన్ను కాసేపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"మొదటి సంది నువ్వు వాని మీదనే పడ్డవు. వాడు తింటె నాకేం, తినకుంటె నాకేం. నాకు కావాల్సింది గాలి. తలుపు మీద పడు."

అరగంట ఆమెతో పోట్లాడాను. ఆమె చెప్పింది ఏ కరపత్రంలోనూ లేదని కూడా అన్నాను. పోయిన చివరి పేజీల్లో ఉందేమో చూసుకోమంది.

తర్వాత పోయి రెండు తలుపులూ తీసి చెక్కలు పెట్టాను. ఇప్పుడు ఆ తప్పు అతనిదే కాదు, నాది కూడా. గంట ఆగి చూశాను. ఆట గుల్ల 33. ఆరో లెవెల్ 34. ఫ్యాను తిరగబడలేదు. బాయి కూలలేదు.

షిఫ్టు 3223. ఫ్యాను సవ్యం. ఆట గుల్ల 34. ఆరో లెవెల్ 34.

ఓటు సభ. వేడికి జనం విసుగ్గా ఉన్నారు.

నేను లేచి, ఓదెలు చేసేది నిజమైన పని అని, అతని మీద నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. చప్పట్లు పడ్డాయి. ఆ చప్పట్లు ఆగాక జంట తలుపుల సంగతి చెప్పాను. తెరిచింది నేనని, ఇప్పుడు కూడా తెరిచే ఉన్నాయని, ఈ గుల్లలో ఇప్పుడున్న వేడి, ఉతుకు గదిలో ఉన్న వేడి సరిగ్గా ఒకటేనని చెప్పాను. దిగదన్న గాలి దిగిందని చెప్పాను.

సభ కదిలింది. నా మస్టర్లు రద్దు చేయాలని కొందరు కేకలు వేశారు. అప్పుడు ఓదెలు లేచాడు. అతను లేస్తే కూర్చోమనడానికి ఎవరికైనా మెడ నొప్పి పుడుతుంది.

"ముందు తెరిచింది నేను. మ్యాచ్ రోజు. కొట్టేస్తె ఇద్దరివీ కొట్టేయండి," అన్నాడు.

ఓదెలు మస్టర్లు రద్దు చేసే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. అతనికి చేయకుండా నాకు చేయడానికి లేదు. రాయలింగు ఆ సంగతి అక్కడితో వదిలేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు రాయడం తేలికయ్యేది. గాలి దిగదన్న మాట తనకు పెద్దలు చెప్పిందేనని, తప్పని ఇప్పుడు తెలిసిందని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఒక ప్రశ్న వేశాడు. ఉతుకు గదిలో ఎనభై మంది. ఇక్కడ రెండు వేల మంది, వారానికి రెండు గంటలు. ఆ రెండు గంటల చల్లదనమే వాళ్లను మెట్లెక్కనివ్వకుండా ఆపుతోంది. ఎనభై కోసం రెండు వేలను ఎండలోకి పంపమంటావా?

ఎనభై మందికి రోజూ ఎనిమిది గంటలు అన్నాను. ఆ ఎనభై మంది ఉతికిన దుప్పట్ల మీదే ఈ రెండు వేల మంది పడుకుంటున్నారని అన్నాను. తలుపుల మీద ఓటు పెట్టమన్నాను. సభ ఒప్పందాల మీదే ఓటు వేస్తుంది, తలుపుల మీద వేసే నియమం లేదన్నాడు.

కనుక ఓటు ఒప్పందం మీదే జరిగింది. ఔనంటే టోపీ దీపం వెలగాలి, కాదంటే ఆర్పాలి. గుల్ల దాదాపు మొత్తం వెలిగింది. మా అమ్మది వెలిగింది. నేను నా టోపీ తీసి వెనక్కి తిప్పి పట్టుకున్నాను. ఆ ప్రశ్న నాది కాదు.

పొడిగింపు గెలిచింది. ఒప్పందంలో గుల్ల, సాధన గది 24 డిగ్రీలుండాలని ఉంది. కాబట్టి రేపటి షిఫ్టు ముగిసేలోగా ఫ్యాను మనిషి జంట తలుపులు మూయాలని ఆజ్ఞ. ఫ్యాను మనిషిని నేనే.

షిఫ్టు 3224. ఫ్యాను సవ్యం. ఆట గుల్ల 34. ఆరో లెవెల్ 34.

రిమార్కులు: తలుపులు మూయలేదు. మరిచిపోయి కాదు. మూయనని మూయలేదు. మూయమన్న ఆజ్ఞ నాకు అందింది, చదివాను, అర్థమైంది.

ఇది రెండో తలుపు గడప మీద కూర్చుని రాస్తున్నాను. నేను లేవకుండా ఈ తలుపు మూయాలంటే నా నడుము మీద మూయాలి. రాయలింగు వచ్చి బతిమాలాడు. తన తమ్ముడి పేరు మళ్లీ చెప్పాడు. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి, అయినా లేవలేదు. మీ తమ్ముడు ఎండలోకి పోయింది ఆట లేక కాదు, ఏ లెవెల్‌లో పనిచేసేవాడో ఒకసారి గుర్తు చేసుకోమన్నాను. ఆయన షిఫ్టు విజిల్ మోగేదాకా గడువిచ్చి పోయాడు. ఆ తర్వాత మనుషులు వస్తారు.

మా అమ్మ టిఫిను తెచ్చి మొదటి తలుపు గడప మీద కూర్చుంది. నన్ను చూసి కాదట, అక్కడ గాలి బాగుందట.

ఓదెలు వచ్చాడు. చెమటతో తడిసి ఉన్నాడు, ఎడమ కాలు ఈడుస్తున్నాడు. తలుపు మూయడానికి వచ్చాడనుకుని పుస్తకం పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. లేచినా అతని ఛాతీ దాకే వచ్చాను.

"నా పేరు చెప్పి మూస్తున్నరంట," అన్నాడు.

"నీ పేరు చెప్పే మూస్తున్నరు. నలభై మంది గాలి."

"ఇంకా సంతకం పెట్టలె నేను."

రెండు తలుపుల మధ్య నేల మీద మెల్లగా కూర్చున్నాడు. కాళ్లు చాపితే ఒక గడప నుంచి ఇంకో గడప దాకా వచ్చాయి. నేనూ మళ్లీ నా గడప మీద కూర్చున్నాను. అతను ఒప్పందం కాగితం తీశాడు. అందులో 'నలభై' దగ్గర వేలు పెట్టి, ఎన్ని రాయమంటావని అడిగాడు. పది చాలన్నాడు. పదయితే సాధన గది ఒక్కటే చల్లబడుతుంది, ఈ తలుపులు తెరిచే ఉండవచ్చు, గుల్లలో అందరిలాగే వేడిలో ఆడతానన్నాడు.

"ఒకటి," అన్నాను.

"మోకాలున్నది సరోజనా."

"మా అవ్వకు రెండున్నయ్. ఒకటి."

అతనికి కోపం వచ్చింది. నేను ఫ్రీ త్రో వేసిన తీరు ఎత్తి చూపాడు. అతను జల్లెడ తిరగేసి బిగించిన సంగతి నేను ఎత్తి చూపాను. నాలుగేళ్లలో తాను ఎన్ని మ్యాచ్‌లు గెలిపించాడో చెప్పాడు. గెలిస్తే వచ్చేది ఒక రేకు కప్పు అన్నాను. ఆ కప్పు కోసం ఎంతమంది ఏడ్చారో తెలుసా అన్నాడు. తెలుసు, మా ఇంట్లోనే ఒకామె ఏడ్చింది అన్నాను. ఐదుకు దిగాడు. ఆటగాడైనా, డాక్టరైనా, సభాపెద్ద అయినా ఒక మనిషికి ఒక ఊపిరి అని నేను గట్టిగా చెప్పాను. అంత గట్టిగా చెబితే మోకాలు నయం కాదన్నాడు.

"మూడియ్యరాదే పిల్లగానికి," అంది మా అమ్మ అవతలి గడప మీద నుంచి, ముద్ద కలుపుతూ.

నువ్వు మధ్యలో రాకని ఆమెతో అన్నాను. మూడైతే తనకు సమ్మతమేనని ఓదెలు వెంటనే అన్నాడు. నేను కాదన్నాను. ఒకటి, దాంతోపాటు వైద్యం కింద మోకాలికి ఎంత అవసరమో అంత, డాక్టరు చెప్పినట్టు, మా అమ్మ మోకాలికీ అదే లెక్కన. అతను ఆలోచించి, అలా అయితే మీ అమ్మకు తనకంటే ఎక్కువ వస్తుందన్నాడు. రానీ అన్నాను.

విజిల్ మోగింది. గుల్ల వైపు నుంచి అడుగుల చప్పుడు, నలుగురో ఐదుగురో. వాళ్ల దీపాలు మూల తిరిగి మా మీద పడ్డాయి. ముందున్నవాడు ఓదెలును చూసి ఆగిపోయాడు. పక్కకు జరగమని అడగాలో వద్దో తెలియక చేతిలో ఉన్న సుత్తిని ఇంకో చేతికి మార్చుకున్నాడు.

ఓదెలు వాళ్ల వైపు తల తిప్పలేదు. "రెండు," అన్నాడు నాతో.

"ఒకటి," అన్నాను.

మా అమ్మ ఆ వచ్చినవాళ్లను నిలబడి ఎందుకు, కూర్చోమంది. మేం ముగ్గురం లేవలేదు.

సంతకం: సరోజన, ఫ్యాను మనిషి, ఇప్పటికీ.